రక్తపు పోటు: ఒక్కరి వ్యాధియా, ఊరంతటి పోటా?

ప్రస్తావన

తెలుగులో 'పోటు' అనే మాటకు ఒకటి కంటె ఎక్కువ అర్థాలున్నవి. ఆయుధంతో పొడవటం పోటు. శరీరంలో పుట్టే తీవ్రమైన బాధ పోటు. తలపోటు, గుండెపోటు అనే మాటలు అట్లా ఏర్పడినవే. సముద్రం ఉబ్బి ఒడ్డు మీదికి రావటం కూడ పోటే. అది వెనుకకు తీయటం ఆటు. రక్తం నాళాల గోడల మీద కలిగించే ఒత్తిడికి 'రక్తపు పోటు' అని పేరు పెట్టినవారు వీటిలో ఏ అర్థాన్ని మనసులో ఉంచుకొన్నారో గాని, ఈ విషయాన్ని చదివిన కొలదీ నాకు మూడవ అర్థమే ఎక్కువ సార్థకమని తోచింది. సముద్రపు పోటు ఒక్క పడవను ఎంచుకొని పైకి లేపదు. రేవులో ఉన్న పడవలన్నిటినీ లేపుతుంది.

నేను వైద్యుణ్ణి కాను; తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి. ఈ విషయం జోలికి రావటానికి కారణం మా తండ్రిగారు. ఆయన పాఠశాలలో ఉపాధ్యాయులు. బీ.పీ. చూపించుకొన్న ప్రతిసారి పై అంకె 134, 136, 138 వచ్చేది. "సరిహద్దులోనే ఉన్నది, భయం లేదు" అనే మాటతో సంతోషించి ఇంటికి వచ్చేవారు. ఏభై ఎనిమిదవ ఏట పక్షవాతం వచ్చి కుడి చేయి, మాట పడిపోయినవి. ముప్పై ఏళ్ళు పిల్లలకు పద్యాలు వల్లె వేయించిన గొంతు నీళ్ళు కావాలని అడగటానికి కూడ పనికిరాకుండా పోయింది. గీత దాటని మనిషికి ఈ ఆపద ఎట్లా వచ్చింది అనే ప్రశ్న నన్ను చాలకాలం వెంటాడింది.

గత సంవత్సరం మన కళాశాలలో జరిగిన ఆరోగ్య శిబిరంలో అదే ప్రశ్న మళ్ళీ ఎదురైంది. 142 వచ్చిన ఒకరిని రోగుల పట్టికలో వ్రాసుకొన్నారు. ఆయన వెనుక నిలబడ్డ మరొకరికి 138 వచ్చింది. "మీకేమీ లేదు" అన్నారు. మొదటి ఆయన ముఖం వాడిపోయింది. రెండవ ఆయన క్యాంటీనుకు వెళ్ళి రెండు మిరపకాయ బజ్జీలు తిన్నాడు. ఇద్దరి మధ్య భేదం నాలుగు మిల్లీమీటర్ల పాదరసం మాత్రమే. ఈ నాలుగు మిల్లీమీటర్లలో రోగమూ ఆరోగ్యమూ విడిపోతున్నవా అన్న విషయాన్ని విచారించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

గీత ఎవరు గీశారు?

గుండె ముడుచుకొన్నప్పుడు రక్తనాళాల్లో ఉండే ఒత్తిడి పై అంకె. గుండె సడలినప్పటి ఒత్తిడి క్రింది అంకె. 1896లో ఇటలీ వైద్యుడు రీవా-రోచీ చేతికి చుట్టే పట్టీని ప్రవేశపెట్టాడు. 1905లో రష్యా వైద్యుడు కొరొట్కోవ్ స్టెతస్కోపుతో చప్పుళ్ళు విని రెండు అంకెలనూ కనుగొనే పద్ధతిని చెప్పాడు. కొలిచే సాధనం చేతికి వచ్చిన తరువాత 'ఎంత ఉంటే ఎక్కువ?' అనే ప్రశ్న పుట్టింది.

ఈ ప్రశ్న మీద 1950 తరువాత ఇంగ్లండులో ఇద్దరు పెద్ద వైద్యుల మధ్య గొప్ప వాదం నడిచింది. రక్తపు పోటు అధికంగా ఉండటం ఒక ప్రత్యేకమైన వ్యాధి అనీ, అది ఉన్నవారు ఒక జాతి, లేనివారు మరొక జాతి అనీ రాబర్ట్ ప్లాట్ వాదించాడు. జార్జ్ పికరింగ్ దీనిని అంగీకరించలేదు. మనుషుల ఎత్తు ఎట్లా పొట్టి నుండి పొడుగు వరకు తెంపు లేకుండా సాగుతుందో రక్తపు పోటు కూడ అట్లాగే సాగుతుందనీ, మధ్యలో సహజమైన గీత ఏదీ లేదనీ, గీత గీసేది మనమేననీ ఆయన వాదం. కాలక్రమాన పికరింగ్ పక్షమే నిలిచింది.

గీత మనం గీసినదే అనటానికి అది జరుగుతూ రావటమే నిదర్శనం. ఒకప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ 160/95ను హద్దుగా పాటించింది. తరువాత 140/90 వాడుకలోకి వచ్చింది. 2017లో అమెరికా హృద్రోగ నిపుణుల సంఘాలు దానిని 130/80కి దించినవి. ఆ నిర్ణయంతో అమెరికాలో అధిక రక్తపు పోటు గల వయోజనులు నూటికి 32 నుండి 46కు పెరిగారు. ఒక్కరి రక్తనాళంలోనూ ఏ మార్పూ జరగలేదు. కాగితం మీద గీత మాత్రమే జరిగింది.

గీత జరగటం ఒకటి, మనుషులు జరగటం మరొకటి. గీతను కదలకుండా ఉంచి, జనమంతా కొద్దికొద్దిగా దాని వైపుకు జరిగితే ఏమవుతుంది? అసలు పాఠం ఇక్కడ మొదలవుతున్నది.

రోజ్ వేసిన ప్రశ్న

జనసమూహాల్లో వ్యాధులు వ్యాపించే తీరును పరిశీలించిన ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జెఫ్రీ రోజ్ 1985లో ఒక చిన్న వ్యాసం వ్రాశాడు. అందులో ఆయన రెండు వక్రరేఖలను ప్రక్కప్రక్కన చూపించాడు. ఒకటి లండనులోని ప్రభుత్వోద్యోగుల రక్తపు పోటు. రెండవది కెన్యాలోని సంచార పశుపాలకులది. రెండూ గంట ఆకారంలోనే ఉన్నవి. లండను గంట కుడి వైపుకు జరిగి ఉన్నది. కెన్యా గంట ఎడమ వైపున ఉన్నది.

లండనులో ఒక వైద్యుడు తన ఎదుట కూర్చున్న రోగిని చూచి, ఈ మనిషికే ఎందుకు ఎక్కువ పోటు వచ్చింది అని ప్రశ్నించుకొంటాడు. వంశమా, బరువా అని వెదకుతాడు. అది మంచి ప్రశ్నే. కాని లండనులో ఇంతమందికి ఉండి, ఆ పశుపాలకులలో దాదాపు లేకపోవటానికి కారణమేమిటి అన్నది వేరే ప్రశ్న. మొదటి ప్రశ్నకు వచ్చిన సమాధానం రెండవ ప్రశ్నకు సరిపోదు. లండనులో అందరూ ఉప్పు ఎక్కువగా తింటున్నప్పుడు రోగికీ ఆరోగ్యవంతుడికీ మధ్య ఉప్పులో పెద్ద భేదం కనిపించదు. అందువల్ల కారణం ఊరంతటా వ్యాపించి ఉండి కూడ కంటికి కనపడకుండా పోతుంది. చేపకు నీరు కనపడనట్లు మన అలవాట్లు మనకు కనపడవు.

1988లో ప్రకటితమైన ఇంటర్‌సాల్ట్ పరిశోధన ఈ మాటకు బలం చేకూర్చింది. 32 దేశాల్లోని 52 కేంద్రాలలో పది వేల పైచిలుకు మందిని ఒకే పద్ధతిలో కొలిచి, వారి మూత్రంలో ఉప్పు ఎంత ఉన్నదో చూశారు. బ్రెజిల్ అడవులలో నివసించే యానోమామి ప్రజలు ఉప్పును దాదాపు ఎరుగరు. వారి సగటు పోటు సుమారు 95/61. అంతకంటె ఆశ్చర్యకరమైనది, వయస్సు పెరిగినా వారి పోటు పెరగలేదు. 'వయస్సు వచ్చింది, బీ.పీ. రావటం సహజం' అని మనం చెప్పుకొనే మాట ప్రకృతి ధర్మం కాదనీ, మన జీవన విధానపు ఫలితమనీ దీనినిబట్టి తెలుస్తున్నది.

ఇది జాతి లక్షణమేమో అనే సందేహం రావచ్చు. 1990లో ప్రకటితమైన మరొక పరిశీలన దానిని తీర్చింది. కెన్యాలో విక్టోరియా సరస్సు సమీపంలోని పల్లెల నుండి లువో తెగవారు పని కోసం నైరోబీ నగరానికి వలస వెళ్ళేవారు. అట్లా వెళ్ళినవారి పోటు మొదటి కొద్ది నెలల్లోనే పల్లెలో మిగిలినవారి పోటు కంటె ఎక్కువైంది. వంశం మారలేదు; ఊరు మారింది, తిండి మారింది.

సగటు జరిగితే అంచుకు ఏమవుతుంది?

గణితం చదివే విద్యార్థులు ఈ భాగాన్ని తామే లెక్క వేసి చూచుకోవచ్చు. ఇది అర్థం కావటానికి కల్పించుకొన్న ఉదాహరణ.

వెయ్యి మంది ఉన్న ఒక గ్రామంలో పై అంకె సగటు 125 అనుకొందాము. క్రమ విచలనం, అంటే సగటుకు అటూ ఇటూ చెదిరి ఉండే కొలత, 15 అనుకొందాము. అప్పుడు 140 దాటినవారు సుమారు 159 మంది ఉంటారు. ఇప్పుడు గ్రామమంతా, బలహీనుడూ బలవంతుడూ అందరూ, తలకు 5 మి.మీ. చొప్పున పైకి జరిగారనుకొందాము. సగటు 130 అవుతుంది. గీత దాటినవారు 159 నుండి 252కు పెరుగుతారు. సగటు పెరిగింది నూటికి నాలుగు వంతులే. రోగుల సంఖ్య మాత్రం ఒకటిన్నర రెట్లు దాటింది. అదే 5 మి.మీ. క్రిందికి జరిగితే సగటు 120 అయి, గీత దాటినవారు 91 మందికి తగ్గుతారు.

160 దాటిన తీవ్రమైన కేసులను చూస్తే భేదం ఇంకా స్పష్టమవుతుంది. సగటు 125 ఉన్నప్పుడు అట్టివారు పదిమంది. సగటు 130 అయితే 23 మంది. 120 అయితే నలుగురు. గంట మధ్యలో స్వల్పంగా కనిపించే కదలిక అంచుల దగ్గర పెద్ద మార్పుగా పరిణమిస్తుంది. పోటు వచ్చినప్పుడు నడి సముద్రంలో నీరు ఎంత పెరిగిందో తెలియదు. ఒడ్డున ఉన్న గుడిసెకు తెలుస్తుంది.

ఇది కేవలం కాగితపు లెక్క కాదు. ఇంటర్‌సాల్ట్ అంకెలనే తీసుకొని 1990లో రోజ్, ఆయన సహచరుడు డే మరొక వ్యాసం ప్రకటించారు. ఒక జనసమూహపు సగటు పోటు తెలిస్తే అక్కడ అధిక పోటు గలవారు ఎంతమంది ఉంటారో చాలవరకు చెప్పవచ్చునని వారు నిరూపించారు. 2018లో ప్రపంచవ్యాప్తమైన శాస్త్రజ్ఞుల బృందం ఒకటి 1018 సర్వేలను, 8 కోట్ల 86 లక్షల మంది కొలతలను ఒక్కచోట చేర్చి ఇదే విషయాన్ని పరిశీలించింది. అధిక పోటు గలవారి శాతం పెరిగిన చోట్ల ఆ పెరుగుదలకు కారణం సగటు పెరగటమే. తగ్గిన చోట్లలో అత్యధిక భాగంలో ఆ తగ్గుదలలో సగమో అంతకంటె ఎక్కువో సగటు తగ్గటం వల్ల వచ్చింది. మిగిలినది రోగులను గుర్తించి మందులివ్వటం వంటి కారణాల వల్ల గంట కుడి అంచు కుదించుకుపోవటం వల్ల వచ్చింది. రెండూ అవసరమే అని దీని భావం. కాని పెద్ద భాగం ఏది అనేది మరువరాదు.

'గీత దాటనివారు' ఎంత క్షేమం?

ఇక మా తండ్రిగారి ప్రశ్నకు వద్దాము. 2002లో ప్రకటితమైన ఒక మహా పరిశోధనలో 61 అధ్యయనాలకు చెందిన పది లక్షల మంది వివరాలను కలిపి చూశారు. నలభై నుండి డెబ్బై ఏళ్ళ లోపు వారిలో పై అంకె ప్రతి 20 మి.మీ. పెరిగినప్పుడు పక్షవాతం వల్ల, గుండెపోటు వల్ల మరణించే ప్రమాదం సుమారు రెట్టింపు అవుతున్నది. ఈ పెరుగుదల 140 దగ్గర మొదలు కాదు. 115 నుండే మొదలవుతున్నది. గీత దగ్గర గోతి లేదు; అంతా ఒకే ఏటవాలు.

ఈ సూత్రంతో మరొక లెక్క వేయవచ్చు. ఒకే వయస్సు గల పది వేల మందిలో 4500 మందికి 115, 4000 మందికి 135, 1500 మందికి 155 ఉన్నదనుకొందాము. 115 ఉన్నవారిలో నూటికి ఒకరికి పక్షవాతం వస్తుందనుకొంటే, 135 వారిలో నూటికి ఇద్దరికి, 155 వారిలో నలుగురికి రావాలి. మొత్తం ఎంత? మొదటి వర్గంలో 45, రెండవదానిలో 80, మూడవదానిలో 60, కలిపి 185. ఇందులో గీత దాటిన రోగుల నుండి వచ్చినవి 60 మాత్రమే. తక్కిన 125, 'మీకేమీ లేదు' అనిపించుకొన్నవారి నుండి వచ్చినవి!

ప్రమాదం రోగికే ఎక్కువ. దానిలో సందేహం లేదు. కాని కొద్దిపాటి ప్రమాదం గలవారు లెక్కకు ఎక్కువమంది కాబట్టి ఆపదలలో పెద్ద వాటా వారిదే. శిబిరం పెట్టి రోగులను మాత్రమే వేరు చేసి మందులిచ్చి పంపితే ఆ 125 మంది సంగతి ఎవరు చూడాలి? మా తండ్రిగారి విషయంలో కారణం ఇదేనని నేను చెప్పలేను. ఒక్క మనిషిని చూచి అట్లా చెప్పటం ఎవరికీ సాధ్యం కాదు. కాని ఆయన వంటివారు ఏ కుప్పలో ఉన్నారో ఈ లెక్క చెప్పింది.

అదుపు అనే మాట గురించి

అధిక రక్తపు పోటు విషయంలో 'సగాల సూత్రం' అని ఒకటి కలదు. రోగులలో సగం మందికే తమకు రోగమున్నట్లు తెలుసు. తెలిసినవారిలో సగం మందే మందు వాడుతారు. వాడేవారిలో సగం మందికే అదుపులో ఉంటుంది. అనగా ఎనిమిదిమందిలో ఒక్కరికి మాత్రమే అదుపు. అన్ని దేశాలూ ఈ సూత్రానికి లోబడి ఉన్నవని కాదు. కొన్ని దేశాలు దానిని ఎప్పుడో దాటినవి. అయినా 2019 నాటికి ప్రపంచంలో 30 నుండి 79 ఏళ్ళ వయస్సు గల రోగులు 128 కోట్లు కాగా, పోటు అదుపులో ఉన్నవారు స్త్రీలలో నూటికి 23, పురుషులలో 18 మాత్రమే.

ఈ అదుపు శాతం పెరిగితే వైద్యుల ప్రతిభ అనీ, తగ్గితే రోగుల నిర్లక్ష్యమనీ అనుకొంటాము. అది పూర్తి నిజం కాదు. మాత్రలు వాడుతున్న రోగులకు పై అంకె సగటు 138, క్రమ విచలనం 15 అనుకొందాము. 140కి లోపల ఉన్నవారు నూటికి సుమారు 55. ఊరంతటి పోటు 5 మి.మీ. పెరిగితే రోగుల పోటు కూడ దానితోపాటు పెరుగుతుంది. అదే మాత్ర, అదే మోతాదు ఉన్నా అదుపు నూటికి 42కు పడిపోతుంది. 5 మి.మీ. తగ్గితే 68కి చేరుతుంది. వైద్యుడు మారలేదు, మందు మారలేదు. చలికాలంలో అందరి పోటూ కొంత పెరగటం, వేసవిలో తగ్గటం వైద్యులందరూ ఎరిగినదే. కాబట్టి డిసెంబరు శిబిరపు లెక్కను మే నెల శిబిరపు లెక్కతో పోల్చి 'అదుపు మెరుగుపడింది' అని నివేదిక వ్రాయటం తొందరపాటు అవుతుంది.

ఈ మాటకు చరిత్రలోనే సాక్ష్యం ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో జరిగిన మోనికా అనే పరిశీలనలో 21 దేశాల్లోని 38 జనసమూహాలను 1980 దశకం మధ్య నుండి 1990 దశకం మధ్య వరకు మళ్ళీ మళ్ళీ కొలిచారు. అనేక చోట్ల సగటు పోటు తగ్గింది. మందుల వల్లనే తగ్గి ఉంటే ఎక్కువ పోటు ఉన్నవారిలోనే అది కనిపించాలి. కాని మధ్యస్థంగా ఉన్నవారిలోనూ, తక్కువగా ఉన్నవారిలోనూ ఇంచుమించు అంతే తగ్గింది. తక్కువ పోటు ఉన్నవాడు మాత్ర వేసుకోడు గదా! అంటే మొత్తం నీటిమట్టమే దిగిందన్నమాట.

పోటును దించిన దేశాలు

ఫిన్లండు ఒకప్పుడు గుండెజబ్బులకు పేరుపడిన దేశం. 1972లో ఆ దేశపు తూర్పున ఉన్న ఉత్తర కరేలియాలో పెక్కా పుస్కా నాయకత్వాన ఒక ఉద్యమం ప్రారంభమైంది. వెన్న, ఉప్పు, పొగాకు తగ్గించటానికి గృహిణులను, పాడి రైతులను, రొట్టె చేసేవారిని, పాఠశాలలను అందరినీ అందులో చేర్చుకొన్నారు. ఉప్పు ఎక్కువగా ఉన్న ఆహార పదార్థాల పొట్లాల మీద ఆ సంగతి వ్రాయాలని 1993లో నియమం వచ్చింది. ముప్పై ఏళ్ళలో ఉప్పు వాడకం సుమారు మూడింట ఒక వంతు తగ్గింది. సగటు పోటు 10 మి.మీ. దాకా తగ్గింది. ఈ కాలంలో అక్కడి ప్రజల బరువు పెరిగినా ఇది సాధ్యమైంది.

బ్రిటనులో మార్గం వేరు. అక్కడ ఉప్పు ఎక్కువ భాగం రొట్టె మొదలైన తయారీ సరుకుల ద్వారా వస్తుంది. కంపెనీలు ఏటేటా కొద్దికొద్దిగా తగ్గించేటట్లు ప్రభుత్వ సంస్థ లక్ష్యాలు నిర్ణయించింది. నాలుక గుర్తు పట్టనంత మెల్లగా మార్పు జరిగింది. 2003 నుండి 2011 వరకు సగటు పై అంకె 3 మి.మీ. తగ్గింది. మాత్రలు వాడనివారిని మాత్రమే లెక్కలోకి తీసుకొన్నా 2.7 మి.మీ. తగ్గినట్లు తేలింది. ఇది చాల స్వల్పమని నవ్వరాదు. ఇంతకుముందు చెప్పిన పది లక్షల మంది పరిశోధన ప్రకారం నడివయస్సులో పై అంకె 2 మి.మీ. తక్కువైతే పక్షవాతపు మరణాలు నూటికి పదివంతులు తక్కువవుతవి.

చైనాలో జరిగి 2021లో ఫలితాలు ప్రకటితమైన ప్రయోగం మనకు మరింత దగ్గరది. ఎందుకంటే అక్కడి పల్లెల్లో ఉప్పు ఇంటి వంటలోనే పడుతుంది. 600 గ్రామాల్లో 20,995 మందిని తీసుకొన్నారు. వారు లోగడ పక్షవాతం వచ్చినవారు, లేదా అరవై దాటి అధిక పోటు ఉన్నవారు. సగం గ్రామాలకు మామూలు ఉప్పుకు బదులు నాల్గవ వంతు పొటాషియం క్లోరైడు కలిసిన ఉప్పు ఇచ్చారు. ఐదేళ్ళలో ఆ గ్రామాల్లో పక్షవాతాలు నూటికి 14 వంతులు తగ్గినవి. అయితే మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, కొన్ని రకాల బీ.పీ. మాత్రలు వాడేవారికి ఈ ఉప్పు ప్రమాదకరం కావచ్చు. వైద్యుని అడగకుండా వాడరాదు.

మన ముంగిట

2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేనేళ్ళు దాటినవారిలో అధిక పోటు ఉన్నవారు, లేదా దానికి మందు వాడుతున్నవారు దేశం మొత్తం మీద పురుషులలో నూటికి 24, స్త్రీలలో 21. తెలంగాణలో ఇది పురుషులలో సుమారు 31, స్త్రీలలో 26. ఆంధ్రప్రదేశ్‌లో కూడ దేశపు సగటు కంటె ఎక్కువే. ఇది పట్టణాల జబ్బు అనే భ్రమ కూడ తొలగిపోవలసి ఉన్నది. 2003–04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణ కారణాలను పరిశీలిస్తే దాదాపు మూడింట ఒక వంతు గుండె, రక్తనాళాల వ్యాధుల వల్లనే సంభవించినవని తెలిసింది. అంటువ్యాధుల వల్ల వచ్చినవి అందులో సగం కూడ లేవు.

రోజుకు మనిషికి 5 గ్రాముల ఉప్పు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అది ఒక చిన్న టీ చెంచా. మన దేశంలో తింటున్నది దానికి ఇంచుమించు రెట్టింపు. బ్రిటనులో వలె కంపెనీలను అడిగితే మన పని పూర్తి కాదు. మన ఉప్పులో ఎక్కువ భాగం మన పొయ్యి మీదనే పడుతున్నది. అన్నంలోకి పులుసు, దాని వెంట ఊరగాయ, ఒడియాలో అప్పడాలో, చివరకు ఉప్పు వేసిన మజ్జిగ. పండుగనాడు బిర్యానీకి ప్రక్కన మళ్ళీ సాలను. ఇందులో ఏ ఒక్కటీ దోషం కాదు. అన్నీ ఒకే కంచంలో, ప్రతి దినమూ కలవటమే దోషం.

ఇక్కడ ఒక చిక్కును రోజ్ దాచకుండా చెప్పాడు. ఊరంతటికీ గొప్ప మేలు చేసే పని, ఒక్కొక్క మనిషికి కనిపించే మేలు మాత్రం చాల తక్కువగా చేస్తుంది. ఉప్పు తగ్గించినవాడు తనకు రాకుండా పోయిన పక్షవాతాన్ని ఎన్నడూ చూడలేడు. ఎవరూ వచ్చి కృతజ్ఞత చెప్పరు. అందుకే ఇటువంటి పనికి ఉపన్యాసాలు చాలవు. వంటశాలలోనే ఏర్పాటు మారాలి. ఒక్కొక్క విద్యార్థి సంకల్పబలం మీద ఆధారపడకుండా అందరి కంచంలోనూ కొద్దిగా తగ్గాలి.

విద్యార్థులకు, కళాశాల సంఘానికి మనవి

మొదటిది: హాస్టలు వంటశాలలో ఉప్పు లెక్క చూడటం. నూరు మంది భోజనం చేసే చోట తలకు 5 గ్రాముల వంతున నెలకు 15 కిలోల ఉప్పు సరిపోవాలి. పచ్చళ్ళలో, అప్పడాలలో ఉండే ఉప్పు కూడ ఆ లెక్కలోనిదే. కొనుగోలు పుస్తకం తీసి ఒక్క నెల లెక్క వేస్తే మనం ఎక్కడ ఉన్నామో తెలుస్తుంది. ఎక్కువైతే ఒక్కసారిగా సగం చేయవద్దు. విద్యార్థులు సమ్మె చేస్తారు! నెలకు పదవ వంతు చొప్పున తగ్గిస్తే నాలుక తనంతట తాను అలవాటుపడుతుంది.

రెండవది: శిబిరాన్ని ప్రతి సంవత్సరం ఒకే నెలలో జరిపి, రోగుల సంఖ్యతోపాటు అందరి సగటును కూడ వ్రాసి ఉంచటం. గణిత విభాగపు విద్యార్థులు ఈ పని సంతోషంగా చేయగలరు. ఐదేళ్ళ తరువాత మన కళాశాల గంట ఏ వైపుకు జరిగిందో ఆ కాగితం చెబుతుంది.

మూడవది: సాయంత్రం ఆట స్థలం అందరికీ తెరిచి ఉంచటం, జట్టులో ఉన్న పదకొండుమందికే కాదు, ఆట రానివారికి, అధ్యాపకులకు, ఆఫీసు సిబ్బందికి కూడ. క్యాంటీనులో వేయించిన వాటి ప్రక్కన పండ్లకు కూడ ఒక పళ్ళెం ఉండాలి.

నాల్గవది అతి ముఖ్యమైనది: ఈ వ్యాసం చదివి ఎవరూ మందు మానరాదు. 142 వచ్చినవారు వైద్యుని వద్దకు వెళ్ళవలసిందే. మళ్ళీ మళ్ళీ కొలిపించుకొని, మందు అవసరమైతే వాడవలసిందే. ఊరి పోటును దించటం రోగి చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు, దానికి బలం. నేను చెప్పదలచినది 138 వచ్చినవారి గురించి. వారు రోగులు కారు. కాని వారికి ఏమీ లేదు అనటం కూడ సత్యం కాదు.

ముగింపు

పరీక్షలలో 35 మార్కుల గీతను చూచి చూచి, గీతకు ఈవలివాడు తప్పినవాడు, ఆవలివాడు నెగ్గినవాడు అని అనుకోవటం మనకు అలవాటైంది. 34కు 36కు మధ్య ఉన్న తెలివి భేదం ఎంతో ప్రతి అధ్యాపకునికీ తెలుసు. తరగతి సగటు తక్కువైనప్పుడు తప్పినవారిని మాత్రమే మందలించి లాభం లేదనీ, పాఠం చెప్పే తీరునే సరిదిద్దుకోవాలనీ కూడ తెలుసు. రక్తపు పోటు విషయంలోనూ అదే న్యాయం వర్తిస్తుంది.

మా తండ్రిగారు ఇప్పుడు ఎడమ చేత్తో అక్షరాలు దిద్దుతున్నారు. ఇంట్లో ఉప్పు తగ్గించింది ఆయన కోసమే అయినా ఒకే కుండలో వండిన కూర అందరమూ తింటున్నాము. మొదటి పక్షం రోజులు పిల్లలు చప్పగా ఉన్నదని గొణిగారు. ఇప్పుడు చుట్టాల ఇంట తిన్నప్పుడు "ఉప్పెక్కువైంది" అంటున్నారు. ఒక ఇంట్లో జరిగినది ఒక హాస్టలులో జరగరాదా? ఒక హాస్టలులో జరిగినది ఒక ఊరిలో జరగరాదా?